సరుకుకు పేరు తెచ్చుకోవడం ఎలా?



ఈ వేళ ఎరువుల గురించిగాని, పురుగుమందుల గురించిగాని చెప్పబోవడం లేదు. మనలో దాదాపు ప్రతివారి జేబులోనూ ఉన్న ఫోను గురించి, అంతకంటె ముందు మన పేరు గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. "పేరు గురించి చెప్పేదేముందండీ, మా నాన్న పెట్టాడు, ఓటర్ల జాబితాలో ఉంది" అని మీరు నవ్వవచ్చు. నేను చెప్పేది ఆ పేరు కాదు. మీ తోటలో దింపు తీసిన కాయ మీ గుమ్మం దాటి, కాలవగట్టు దాటి, రావులపాలెం దాటి, హైదరాబాదులో ఒక ఇల్లాలి వంటింటికి చేరినప్పుడు, "ఇది ఫలానా వారి కాయ, బాగుంటుంది" అని ఆమె నోట వస్తే, అదీ పేరు. పట్నంలో దీన్నే బ్రాండు అంటున్నారు. మాట కొత్తదేగాని సంగతి పాతదే.

మన కొత్తపేట వైపు ఆ పేరు మనకు ఎంతవరకు దక్కుతున్నదో ఆలోచించండి. దింపు తీయిస్తాం, రాశి పోస్తాం. వ్యాపారి వచ్చి చూసి వెయ్యి కాయకు ఇంత అని చెబుతాడు. లారీ ఎక్కేసరికి అన్నీ ఒకటే, 'కోనసీమ కాయ'. వేళకు ఎరువు వేసి, నీరు పెట్టి, పురుగు పట్టకుండా చూసుకున్న వారి కాయా, గాలికి వదిలేసిన వారి కాయా ఒకే రాశిలో పడతాయి. పండించిన వానికి ధరలో మాట లేకపోతే ఏమవుతుందో 2011 ఖరీఫులో మనమే దేశానికి చూపించాం. గిట్టుబాటు కావడం లేదని కోనసీమ రైతులు వరి నాట్లు మాని పంట విరామం ప్రకటించిన సంగతి మీరెవరూ మరచిపోయి ఉండరు.

ఫోను పట్టుకుంటే ఆ బాధలన్నీ తీరిపోతాయని నేను అనను. అలా అన్నవారిని మీరూ నమ్మకండి. ధాన్యం లారీల లెక్కన కదిలే సరుకు. దానికి మద్దతు ధర, మిల్లు, మార్కెట్టు ఇవే దారులు. కాని కొబ్బరికాయ, బొండాం, అరటిపండు, నెయ్యి, పచ్చడి, పూతరేకులు వంటివి ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి నేరుగా పోగలవు. అటువంటి సరుకులో పదోవంతు మీ పేరుమీద అమ్ముకోగలిగితే, మిగిలిన తొమ్మిది వంతుల బేరంలో కూడా మీ గొంతు కొంచెం పెరుగుతుంది. నేను చెప్పదలచుకున్నది ఈ పదోవంతు గురించే.

ఇందుకు పాఠం వెతుక్కుంటూ దూరం పోనవసరం లేదు. మన నియోజకవర్గంలోనే ఆత్రేయపురం ఉన్నది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, బియ్యం రుబ్బిన పలుచని పాలలో గుడ్డ ముంచి, కుండ వీపుమీద ఒక్కసారి లాగితే క్షణంలో రేకు లేచివస్తుంది. దానిలో నెయ్యి, పంచదారో బెల్లమో వేసి మడిస్తే పూతరేకు. ఆ చేతివాటం ఆ ఊరి ఆడవారిది. వారికి ప్రకటనలు వేయించినవారు లేరు. తిన్నవారు తినని వారికి చెప్పారు, అంతే. చివరకు తయారీదారుల సంఘం దరఖాస్తు పెట్టుకోగా, 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అనగా ఆ ఊరి పేరుకు చట్టం కాపలా కాస్తున్నదన్నమాట. తిరుపతి లడ్డుకు 2009లోను, బంగినపల్లి మామిడికి 2017లోను ఇటువంటి గుర్తింపే లభించింది.

ఇందులో మనం గమనించవలసినవి రెండు. మొదటిది, చట్టం పేరును కాపాడగలదుగాని పేరును పుట్టించలేదు. కుండ దగ్గర కూర్చున్న చేతులు ముందు పేరు తెచ్చాయి, కాగితం తరవాత వచ్చింది. రెండవది, ఊరి పేరు అందరిదీ. ఒక్కరు నెయ్యికి బదులు మరేదో రాసి డబ్బా కట్టి పంపితే, తిన్నవారు ఆ దుకాణం పేరు మరచిపోతారు, ఊరి పేరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి మీరు 'కోనసీమ' అని చీటీమీద రాసిన ప్రతిసారీ మీ ఇరుగుపొరుగు రైతుల పరువు కూడా అందులో పెడుతున్నారని తెలుసుకోండి.

పేరు నిజంమీదనే నడుస్తుందనడానికి ఇంకొక రెండు నిదర్శనాలు చెబుతాను. పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా స్థానం 1982లో ఎం.టి.యు. 7029 అనే వరి రకాన్ని విడుదల చేసింది. అదే మన 'స్వర్ణ'. అప్పటికి సెల్‌ఫోను లేదు, వాట్సాప్ లేదు. పండించిన రైతు కల్లంలో దిగుబడి చూసి చుట్టానికి విత్తనం ఇచ్చాడు. అలా అలా ఇతర రాష్ట్రాలకే గాక బంగ్లాదేశ్ దాకా పోయింది. అంతకుముందు 1960లలో తంజావూరు జిల్లాలో ఏ.డి.టి. 27 అనే వరి వంగడం గురించి రైతులు రేడియోలో విని వేశారు. పండింది. దానికి వారు 'రేడియో వరి' అని పేరు పెట్టుకున్నారు. రేడియో చెప్పిన మాట, చేలో కనిపించిన పంట ఒకటే అయినందువల్ల ఆ పేరు నిలిచింది. చేలో పంట లేకపోతే రేడియో పేరు కూడా పోయి ఉండేది.

ఈ మాట నాకు పుస్తకంలో చదివి తెలిసినది కాదు. చేతులు కాల్చుకుని తెలుసుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా గ్రామాల రైతులతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ పట్టి, ఆకుల అడుగున తెల్లగా, కింది ఆకులమీద నల్లగా మసి కట్టిన రోజులవి. ఎక్కడినుంచో ఒక సమాచారం వచ్చింది. ఫలానా మందు కొడితే మూడు రోజులలో దోమ మాయమని దాని సారాంశం. చూడడానికి శాఖవారు రాసినట్టే ఉన్నది. నేను పరిశోధనా స్థానాన్ని అడగకుండా గ్రూపులో పెట్టేశాను. ఒక పెద్దాయన వేలు ఖర్చుపెట్టి తోటంతా కొట్టించారు. దోమ తగ్గినట్టే తగ్గి, కొన్ని వారాలకు ముందటికంటె ఎక్కువగా వచ్చింది. ఎందువల్లనంటే, దోమను తినిపెట్టే ఎన్‌కార్సియా వంటి మిత్రపురుగులు కూడా ఆ మందుకు చచ్చిపోయాయి. ఈ దోమకు నీటిని బలంగా చిమ్మడం, వేపనూనె కొట్టడం, మిత్రపురుగులను కాపాడుకోవడం, ఐసేరియా అనే శిలీంధ్రాన్ని వాడడం ఇవీ దారులని అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంవారు చెబుతూనే ఉన్నారు. నేనే వినిపించుకోలేదు.

ఆ పెద్దాయన నన్ను తిట్టలేదు. "తమరు పెట్టారు కదాని కొట్టించానండి, ఆయ్" అన్నారు, అంతే. ఆ మాటకంటె తిట్టే నయం. అదే గ్రూపులో నా తప్పు నేను రాశాను. అయినా ఆ తరవాత నేను మంచి సలహా పెట్టినా "ఇది నిజమేనాండి?" అని ఫోను చేసి అడిగేవారు. ఆ అడగడం మానడానికి రెండు పంటలు పట్టింది. పేరు పోవడానికి ఒక్క వేలి నొక్కు చాలు. తిరిగి తెచ్చుకోవడానికి ఏళ్ళు కావాలి. అందుచేత ఫోను సంగతులలోకి పోయేముందు ఈ ఒక్కటి మనసులో పెట్టుకోండి. ఫోను పేరును మోసుకుపోతుంది. పేరును తయారుచేసేది మీ సరుకూ, మీ మాటే.

ఇక పని ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

మొట్టమొదట ఒక్క సరుకు ఎంచుకోండి. "మా దగ్గర అన్నీ దొరుకుతాయి" అనే వానిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. మీ తోటలో అన్నిటికంటె బాగా వచ్చేది ఏది? బొండాలా, ముదురు కాయా, చక్రకేళి గెలలా, ఇంటి నెయ్యా? అది తేల్చుకుని, ఊరి పేరు, ఇంటి పేరు కలిపి సులువుగా నోరు తిరిగే పేరు పెట్టండి. ఆ పేరే చీటీమీద, ఆ పేరే ఫోనులో, ఆ పేరే పెట్టెమీద ఉండాలి. తడవకొక పేరు మారిస్తే విత్తనం వేసిన మడిని వారం వారం దున్నినట్టే.

రెండవది, కొలత. మన అంబాజీపేట మార్కెట్టులో కురిడీని గండేరా, గటగట అని వేరుచేసే పద్ధతి ఉన్నది కదా. వ్యాపారికి ఆ తేడా తెలుసు, అందుకే దానిమీద సంపాదిస్తాడు. మీరూ అలాగే పరిమాణం ప్రకారం కాయ వేరుచేయండి. పెద్దది ఇంత, నడిమిది ఇంత అని ముందే చెప్పండి. పెట్టెలో పైన పెద్ద కాయలు, అడుగున చిన్న కాయలు పెట్టే తెలివి ఒక్కసారే పనిచేస్తుంది.

మూడవది, మాట. మీరు చేసినదే చెప్పండి. ధ్రువపత్రం లేకుండా 'సేంద్రియ' అని రాసుకోవద్దు. దానికి బదులు "పశువుల ఎరువు వేశాం, వేపపిండి వేశాం, ఈ ఏడు పురుగుమందు కొట్టలేదు" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. కొట్టి ఉంటే ఏ నెలలో కొట్టారో రాయండి. కొనేవారు దీనికే ఎక్కువ విలువ ఇస్తారు. పచ్చళ్ళు, పూతరేకులు, నూనె వంటి తయారీ సరుకు అమ్మేవారు ఆహార భద్రతా సంస్థవారి రిజిస్ట్రేషనో లైసెన్సో తప్పక తీసుకుని, ఆ 14 అంకెల నంబరు డబ్బామీద వేయాలి. తయారుచేసిన తేదీ కూడా వేయాలి.

ఇక ఫొటో. ఉదయం ఎండ పదునెక్కకముందు, చెట్టు నీడ పక్కన, ఒకేచోట పెట్టి తీయండి. కాయ పక్కన చెయ్యి గాని, స్కేలు గాని ఉంటే పరిమాణం తెలుస్తుంది. రంగులు దిద్దవద్దు. ఎవరి తోట ఫొటోనో తెచ్చి పెట్టవద్దు. మచ్చ ఉంటే మచ్చతోనే చూపించండి. "ఈ దింపులో కాయకు పైన నల్లి మచ్చ ఉన్నది, లోపల కొబ్బరి బాగున్నది, అందుకని ధర తగ్గించాం" అని ఒక్కసారి చెప్పి చూడండి. తరవాత మీరు "బాగున్నది" అన్నప్పుడు వారు ఎదురు ప్రశ్న వేయరు.

మాట్లాడేటప్పుడు పుస్తకాల భాష కోసం తంటాలు పడవద్దు. తెనాలి ప్రాంతపు మస్తానమ్మగారు పొలం గట్టున వంట చేస్తూ, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ తన ఊరి మాటలలో ముచ్చటిస్తూ, యూట్యూబు ద్వారా ఎక్కడెక్కడివారికో దగ్గరయ్యారు. ఇద్దరూ ఎవరినీ అనుకరించలేదు. మీ 'అండి', మీ 'ఆయ్' మీకు సిగ్గు కానక్కరలేదు. అదే మీ ముద్ర.

వేదికలు చాలా ఉన్నాయి. అన్నిటిలోనూ ఒక్కసారే కాలు పెట్టకండి. తెలిసినవారికి సరుకు అమ్మడానికి వాట్సాప్ చాలు. తెలియనివారికి కనబడడానికి ఫేస్‌బుక్కు గాని, ఇన్‌స్టాగ్రామ్ గాని పనికివస్తుంది. ఒక పనిని వివరంగా చూపడానికి యూట్యూబు మంచిది. మొదటి ఆరు నెలలు వాట్సాప్ ఒక్కటే చూసుకోండి. అందులో వ్యాపారులకోసం వేరే యాప్ ఉన్నది, 2018 నుంచి దొరుకుతున్నది. దానిలో మీ సరుకుల పట్టీ, ధరలు, ఊరు, పనివేళలు ముందే పెట్టుకోవచ్చు. అందరినీ గ్రూపులో పడేస్తే ఒకరి నంబరు ఒకరికి తెలిసిపోతుంది, శుభోదయాల వరద మొదలవుతుంది. దానికంటె బ్రాడ్‌కాస్టు జాబితా మేలు. మీరు ఒక్కసారి పంపితే ఎవరిది వారికే విడిగా చేరుతుంది. అయితే వారి ఫోనులో మీ నంబరు దాచుకుని ఉంటేనే అది అందుతుంది. కనుక మొదటి పెట్టె పంపినప్పుడే "మా నంబరు దాచుకోండి" అని చీటీమీద రాయండి.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, కాలం. ఫోను మంచి పాలేరే. కాని పగ్గం వదిలితే యజమానిని పాలేరుగా చేసుకుంటుంది. నీరు పెట్టవలసిన వేళ గట్టుమీద కూర్చుని వీడియోలు చూసేవారిని నేను చూశాను, మీరూ చూశారు. కాబట్టి ఈ పద్ధతి పెట్టుకోండి. పొద్దున్న పది నిమిషాలు, వచ్చిన ఆర్డర్లు చూసి పుస్తకంలో రాసుకోవడానికి. సాయంత్రం పొలం పని అయ్యాక ఇరవై నిమిషాలు, జవాబులు ఇవ్వడానికి, ఒక ఫొటో పెట్టడానికి. మొత్తం అరగంట. మిగిలిన వేళలో మోతలు, గంటలు ఆపివేయండి, ఫోను మాట్లాడడానికి మాత్రమే. వారానికి రెండు కబుర్లు చాలు. ఒకటి తోటలో ఏం జరుగుతున్నదో, రెండవది ఏం దొరుకుతున్నదో, ఎంతకో. ఆదివారం ఒక గంట కూర్చుని లెక్క చూసుకోండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఫొటోలు వారికి అప్పగించవచ్చు, కాని డబ్బు లెక్క మాత్రం మీ చేతిలోనే ఉండాలి.

లెక్క అన్నాను కనుక ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. అంకెలు ఊహకే సుమా, మీ ఊళ్ళో అంకెలు మీరు వేసుకోండి. ఇరవై కాయల పెట్టె అనుకుందాం. తోటలో కాయ 15 రూపాయల చొప్పున 300. పెట్టె, ఒలుపు, కట్టుబడి 60. రవాణా 160. ఇరవైలో ఒకటి పగులుతుందని దానికి 15. మీ శ్రమకు 40. మొత్తం 575 రూపాయలు. అనగా కాయకు 28 రూపాయల 75 పైసలు పడుతున్నది. పట్నంలో దుకాణం వాడు 30కి ఇస్తుంటే మీకు మిగిలేది స్వల్పం. అదే ఒక అపార్ట్‌మెంటులో అయిదిళ్ళవారు కలిసి ఒక్కసారే తెప్పించుకుంటే, పెట్టెకు రవాణా 80కి దిగిందనుకోండి. అప్పుడు పెట్టె 495, కాయ 24 రూపాయల 75 పైసలు. ఇప్పుడు ఇద్దరికీ లాభమే. ఈ లెక్క వేయకుండా "మాకు ఎంతమంది లైకులు కొట్టారో చూడండి" అని మురిసిపోతే, ఆ లైకులు సంచిలో పోసి సంతకు తీసుకుపోలేం కదా! వచ్చిన మెచ్చుకోళ్ళు కాదు, తిరిగి కొన్నవారు ఎందరో లెక్కపెట్టండి. పదిమంది కొని ఆరుగురు మళ్ళీ అడిగితే మీకు పేరు వచ్చినట్టే.

ఫిర్యాదు వచ్చినప్పుడు ఏం చేయాలి? దీనిలోనే అసలు పరీక్ష ఉన్నది. "మూడు కాయలు పగిలి వచ్చాయి" అని ఒకావిడ ఫొటో పెట్టిందనుకోండి. లారీ వాడిది తప్పు, వాన వచ్చింది, మేం బాగానే కట్టాం అని వాదించకండి. అదే రోజు ఇలా రాయండి: "అమ్మా, పగిలినందుకు చింతిస్తున్నాం. ఆ మూడు కాయల డబ్బు ఇప్పుడే పంపమంటారా, వచ్చే పెట్టెలో కలపమంటారా?" నలభై అయిదు రూపాయల నష్టం ఆవిడ పదిళ్ళకు చెప్పే మంచిమాటగా తిరిగివస్తుంది. తప్పు మీది కాదని రుజువుంటే మర్యాదగా ఒక్కసారి చెప్పి ఊరుకోండి. నలుగురి ముందు తగవు పెంచుకోవద్దు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అలాగే మీ సరుకు పేరుమీద నడిచే చోట రాజకీయాలు, కులం మాటలు, పక్కవాడి సరుకుమీద నిందలు రానివ్వకండి.

ఇక జాగ్రత్తలు. సరుకు కొంటామని చెప్పి, "డబ్బు పంపుతున్నాం, ఈ క్యూ.ఆర్. స్కాను చేయండి, పిన్ను కొట్టండి" అనేవారు వస్తారు. డబ్బు మీకు రావడానికి పిన్ను కొట్టవలసిన పని ఎన్నడూ లేదు. పిన్ను కొడితే మీ డబ్బు పోవడమే. ఓ.టి.పి. అంకెలు ఎవరికీ చెప్పవద్దు, బ్యాంకువారమన్నా సరే, మా శాఖవారమన్నా సరే. వాట్సాపులో రెండంచెల తాళం పెట్టుకోండి. మోసం జరిగిందని తెలియగానే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంకొక జాగ్రత్త ఉన్నది, దీన్ని చాలామంది మరచిపోతారు. ఈ వేదికలన్నీ పరాయి భూములు. మనం అక్కడ కౌలుదారులం మాత్రమే. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. ఏళ్ళ తరబడి అందులో పేరు తెచ్చుకున్నవారికి ఆ పేరు ఒక్క రాత్రిలో అందకుండా పోయింది. ఇక మన ఇంటి సంగతే చూడండి. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తరవాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్టు ఆగిపోయింది. ఇంటినుంచి ఉద్యోగం చేసుకునే కుర్రవాళ్ళు సిగ్నలు కోసం గోదావరి ఒడ్డుకు పోయి కూర్చున్నారు. అటువంటి రోజున మీ ఖాతాదారు ఎవరో, అతనికి ఎన్ని కాయలు బాకీ ఉన్నారో మీకు ఎలా తెలుస్తుంది? ఫోను నీళ్ళలో పడినా ఇదే గతి. అందుకని ఒక లావుపాటి కాగితాల పుస్తకం కొనండి. పేరు, ఊరు, నంబరు, పంపిన తేదీ, సరుకు, డబ్బు వచ్చినదా లేదా, ఏమన్నారు, ఈ ఏడు గళ్ళు గీయండి. ఫోను పోవచ్చు, యాప్ పోవచ్చు, ఈ పుస్తకం మాత్రం మీ సొంత చేను.

చివరగా నా తోటి ఉద్యోగులకు రెండు మాటలు. మనకూ ఒక పేరు ఉన్నది, అదే మన శాఖ పరువు. గ్రూపులో ఏ సలహా పెట్టినా నాలుగు సంగతులు జతచేయండి. ఇది ఏ పరిశోధనా స్థానం చెప్పినది, ఏ తేదీన, ఏ పంటకు, ఎంత మోతాదులో. ఇవి లేని సమాచారం ఎంత బాగున్నా ముందుకు తోయవద్దు. తెలియనిది తెలియదని చెప్పి, సాయంత్రానికి కనుక్కుని చెప్పండి. రైతు నేరుగా అడగదలచుకుంటే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరు ఉన్నది, తెలుగులోనే జవాబు చెబుతారు. తప్పు పెడితే చెరిపివేసి ఊరుకోకండి. తప్పు పెట్టిన చోటనే దిద్దుబాటు కూడా పెట్టండి. ఇది నేను బాకీ తీర్చుకుంటూ నేర్చుకున్న పాఠమని మీకు ముందే చెప్పాను.

ఆ పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన తోట కోలుకున్నది. కిందటేడు పండుగ ముందు ఆయన మనవరాలు ఫోనులో నాలుగు ఫొటోలు తీసి, తెలిసిన వారికి పంపింది. పది పెట్టెలు అడిగారు. ఆయన ఎనిమిదే పంపారు. "రెండు పెట్టెలకు మంచి కాయ లేదండి, లేనిది ఎలా పంపేది?" అన్నారు. ఆ ఇద్దరికీ ఫోను చేసి వచ్చే దింపుకు ఇస్తామని చెప్పించారు. వాళ్ళిద్దరూ ఆగారు. బ్రాండు అంటే ఏమిటో ఆయనకు తెలియదు. కాని దాన్ని నిలబెట్టడం మాత్రం నాకంటె బాగా తెలుసు.

ఈ వారంలోనే ఒక సరుకు, ఒక పేరు, ఒక పుస్తకం సిద్ధం చేసుకోండి. అనుమానాలుంటే మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి. ఇక సెలవు.